ఆయన చెబుతుంటే నేను మార్చిన బెల్టు

మా పాత కారుకి వాటర్ పంపు కారడం మొదలుపెట్టింది. నడుం ఆపరేషనయ్యాక మా ఆయన్ని వంగొద్దన్నారు. ఇన్నేళ్లూ ఆ బండి పనులన్నీ ఇంట్లో ఆయనే చేసుకున్నారు. మెకానిక్‌ని పిలుద్దామంటే ఆయన మొహం చిన్నబోయింది.

"మీరు చెప్పండి, నేను చేస్తాను" అన్నాను.

తోటలో మామిడికాయలు పోసే షెడ్డు కింద ఆయనకి కుర్చీ వేశాను. ఆయన చెబుతుంటే బోల్టులు విప్పి, పంపుని తిప్పే పాత టైమింగ్ బెల్టు తీసి, కొత్త పంపు బిగించాను. కొత్త బెల్టు ఎక్కించేటప్పుడు మాత్రం ఆగి ఆయన వైపు చూశాను. బెల్టు తిరిగే చక్రాల మీది గుర్తులు కలవకుండా ఒక్క పన్ను తప్పినా ఇంజను పాడైపోతుందట.

"తప్పితే ఏంటండీ?"

"ఇద్దరం బస్సెక్కుదాం. కంగారు పడకు."

ఇంజన్ని స్పానర్‌తో నెమ్మదిగా తిప్పి చూశాను. గుర్తులు సరిగ్గా కలిశాయి. కూలెంట్ పోసి తాళం తిప్పితే బండి స్టార్టయింది. ఆయన నా చేతులు ఒళ్లోకి తీసుకుని, తువ్వాలుతో ఒక్కో వేలికీ అంటిన గ్రీజు తుడిచారు.

"నూజివీడు దాకా పోయొద్దాం. నువ్వే నడుపు" అన్నారు.

పెళ్లయ్యాక నేను నడుపుతుంటే ఆయన పక్క సీట్లో కూర్చోవడం అదే మొదలు. దారి పొడుగునా ఇంజను చప్పుడు వింటూ హాయిగా కళ్లు మూసుకున్నారు.