చేపల కంటే ముందు నేను

పురుషోత్తమన్ మామ తన చేపలకు ఏది పెట్టాలన్నా ముందు ఒక మనిషి తిని చూడాలి. ఇది ఆయన పట్టుదల. ఆ మనిషి కడుపారా తిని, కాసేపు కూర్చుని, త్రేన్చి, బాగుందనో లేదనో చెప్పేదాకా ఆ తిండి చేపల వైపు వెళ్ళడానికి వీల్లేదు. మా ఒర్లియంపేటలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. విని నవ్వనివాళ్ళూ లేరు. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేనే.

అవి చెరువు చేపలు కావు, సముద్రపు చేపలు. తెల్లదొరల వీధిలో ఉండే ఒక ఇంజనీరు సొంత దేశానికి పోతూ సామాన్లు వేలం వేస్తే, మామ ఒక పెద్ద అద్దాల పెట్టె పాడుకొచ్చాడు. అది దేనికో ఆయనకే తెలియదు. అప్పడాలు పెట్టుకోవచ్చని ఆయన భార్య అమృతవల్లి అత్త సంబరపడి ఒక వరస సర్దేసింది కూడా. ఇంతలో ఎవరో వచ్చి, అది చేపలు పెంచే తొట్టి అన్నారు. అప్పడాలు మళ్ళీ డబ్బాలోకి పోయాయి, సముద్రం ఇంట్లోకి వచ్చింది. పనివాడు అయ్యనార్ రోజూ పొద్దున్నే బండి మీద పీపాలతో ఉప్పునీళ్ళు తెచ్చి దించేవాడు. తొట్టిలో పసుపు చారల చేపలు, పట్టుకుంటే కీచుమనే కీచాన్లు, ఒంటినిండా చుక్కలున్న ఒరాలు తిరిగేవి.

మామ వీధి అరుగు మీద నిలబడి దారిన పోయేవాళ్ళను పట్టుకునేవాడు. దొరసానులను కూర్చోబెట్టి పూస్‌పూస్ బండి తోసే కూలీ, ఓడ తప్పిపోయి రేవులో మిగిలిపోయిన నావికుడు, ఇంటింటికీ తిరిగి చాపలమ్మే ముసలమ్మ, ఎవరు దొరికితే వాళ్ళు.

"ఒక పిడికెడు తిని చెప్పిపోబ్బా. నా చేపలు కాచుకోనుండాయి."

ఒకసారి నూనె వ్యాపారి లోకనాథన్ వినోదం చూద్దామని తానే వచ్చాడు.

"ఏం పురుషోత్తమా, ఈరోజు నీ చేపల తిండి నేను చూస్తాను."

"నీ నాలుక పనికిరాదు లోకనాథా."

"నా నాలుకకి ఏమయింది?"

"దానికి అన్నీ చప్పగానే ఉంటాయి. పోయిరా."

లోకనాథన్ ఆ కోపంతో చాలాకాలం ఆ వీధిలోకే రాలేదు. పిచ్చికి కూడా ఒక పద్ధతి ఉండాలని మేమంతా అనుకున్నాం.

ఇక నా సంగతి. నేను వేరుశనక్కాయల గిడ్డంగిలో లెక్కలు రాసే రైటర్ని. జర్మనీవాళ్ళతో యుద్ధం మొదలై మార్సేయి రేవుకు కాయలు మోసే ఓడలు ఆగిపోగానే గిడ్డంగికి తాళం పడింది. నా భార్య పంకజం అప్పటికే పురిటికని కడలూరులోని పుట్టింటికి వెళ్ళింది. సంగతి తెలిసి పంకజం నాన్న, ఓడలు తిరిగేదాకా నువ్వూ ఇక్కడికే వచ్చి ఉండు అని కబురు పెట్టాడు. వెళితే అత్తారింట్లో కూర్చుని తినే అల్లుణ్ణవుతాను. మా వంశంలో అలాంటి పని ఎవరూ చేయలేదు, నాకు తెలిసినంతవరకు. ఇక్కడ ఊపిరి సలపనంత పనిగా ఉందని తిరుగు కబురు పంపాను.

ఊపిరి సలపని ఆ పని ఏమిటంటే, మధ్యాహ్నంపూట ఖాళీ కడుపుతో అరుగు మీద కూర్చుని వేపపుల్లతో పళ్ళు కుట్టుకోవడం. భోంచేసిన మనిషిలా కనబడాలి కదా. ఒకరోజు మరీ నమ్మకంగా ఉండాలని లేని త్రేన్పు తెప్పించుకోబోయి దగ్గు తెప్పించుకున్నాను. సరిగ్గా అప్పుడే పురుషోత్తమన్ మామ వచ్చాడు.

"సాపాటయిందా జయరామా?"

"ఇప్పుడే మామా. కొంచెం ఎక్కువే అయింది."

"అయ్యో, చిక్కొచ్చి పడిందే. నీ నాలుకతో పనిపడి వస్తిని."

"నా నాలుకతోనా?"

"వేరుశనక్కాయ కొరికి అది ఏ ఊరి పంటో చెప్పేవాడివంట కదా. తొట్టిలో కొత్త చేపలు వదిలినాను. వాటికి ఏది పడుతుందో తెలీలేదు. దారిన పోయేవాళ్ళతో అయ్యే పని కాదు. చదువుకున్న నాలుక కావల్ల."

ఈ మనిషిని నేను ఇన్నాళ్ళూ ఎంత తక్కువ అంచనా వేశానో ఆ క్షణంలో అర్థమైంది. కడుపు నిండుగానే ఉంది, అయినా మీరు ఇంతగా అడిగినారు కాబట్టి వస్తాను అని చెప్పి, దారి చూపించే ఆయన కంటే ముందే నడిచాను.

అత్త ఆకు వేసి అన్నం, వంకాయ పులుసు, రొయ్యల వేపుడు వడ్డించింది. మర్యాద కోసం ఒక మాట అన్నాను.

"ఇంత ఎందుకు మామా? రుచి చూసేదానికి ఒక ముద్ద చాలదా?"

"నాలుక అబద్ధం చెప్తుందబ్బా, కడుపు చెప్పదు. అయినా చేపకి నాలుకతో ఏం పని? మింగేదే కదా. కాబట్టి నీ కడుపు ఏమంటుందో నాకు తెలియాల."

ఈ వాదనలో నాకు ఎక్కడా లోపం కనిపించలేదు. ఆ పూట ఎవరు ఏ వాదన చేసినా లోపం కనిపించేది కాదు.

చేపలు రెండుపూటలా తింటాయి కాబట్టి నేనూ రెండుపూటలా వెళ్ళేవాణ్ణి. కొద్దిరోజుల్లోనే నేను చేపల తిండి విషయంలో పండితుణ్ణయిపోయాను. పసుపు చారలవి నామాలు పెట్టుకున్నట్టుంటాయి కాబట్టి వాటికి పులిహోర పడుతుందని తేల్చాను. కీచాన్లు అరుస్తున్నాయంటే ఒంట్లో వేడి చేసినట్టే, మజ్జిగ పులుసు తప్పదన్నాను. పుట్టింది మొదలు ఉప్పునీళ్ళలో ఉండేవాటికి కూరల్లో ఉప్పు తగ్గించాలని చెప్పి, నా ఆకులో మాత్రం సరిగ్గా వేయించుకున్నాను.

మామ ప్రతి మాటకూ తల ఊపేవాడు. "అట్లనా. ఇన్నాళ్ళూ నాకు తోచనేలేదు సూడు."

అత్త మాత్రం మధ్యమధ్యలో వంటింట్లోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. దగ్గు కాబోలనుకుని మిరియాల కషాయం తాగమని చెప్పాను.

ఒక సాయంత్రం మామ మామూలుగా అన్నాడు. "రేపు ఏకాదశి. చేపలకి పస్తు."

వెంటనే అడ్డం పడ్డాను. "చేపలకి ఏకాదశి ఏంది మామా? సముద్రంలో పంచాంగం యాడుంది?"

చేపల తరఫున అడుగుతున్నా నా గొంతు కొంచెం వణికింది. మామ నా ముఖంలోకి ఒక్కసారి చూసి లోపలికి కేకేశాడు.

"అమృతవల్లీ, చేపలకి ఏకాదశి లేదంట. జయరామన్ చెప్తా ఉండాడు."

మర్నాడు వాళ్ళిద్దరూ ఉపవాసం ఉండి, నా ఎదురుగా కూర్చుని నేను తింటుంటే చూశారు. చేపల మేలు కోసం నేను కళ్ళు మూసుకుని తిన్నాను.

చేపలు తినడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. అడిగితే మామ, "మనుషులు చూస్తా ఉంటే అవి తినవు. సిగ్గు" అనేవాడు. నాకు నమ్మకం కుదిరింది.

అసలు గొడవ వడల రోజున జరిగింది. అత్త మినప వడలు వేసింది. నా ఉద్యోగ జీవితంలో అలాంటి వడలు తిని ఎరగను. ఇంత మంచి వస్తువును ఎంపిక చేసిన నేను స్వహస్తాలతో ఒక్కసారైనా వడ్డించకపోతే ఎలా అనిపించింది. మామ పెరట్లో ఉన్నాడు. గుప్పెడు వడలు చిదిపి తొట్టిలో వేశాను. ఒక కీచాను వచ్చి వాసన చూసి పారిపోయింది. ఒరాలు మూలకు చేరాయి. నీళ్ళ మీద నూనె తెట్టు కట్టింది.

"సిగ్గుపడకండి, నేను అటు తిరుగుతాను" అని చేపలతో చెప్పి, మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడ్డాను.

వెనక్కి తిరిగి చూసేసరికి మామ వచ్చి ఉన్నాడు. ఆయన పరుగెత్తడం నేను చూడటం అదే మొదటిసారి. చొక్కా కూడా విప్పకుండా భుజం దాకా చెయ్యి ముంచి వడలు దేవుతున్నాడు.

"అయ్యనార్, నీళ్ళు తేరా. జయరామా, నిలబడి చూస్తా ఉండావేంది? ఆ బిందె ఎత్తు."

అంతే, అందరం సముద్రానికి పరుగు. అప్పటిదాకా చలువ మడత నలగకుండా తిరిగిన గిడ్డంగి రైటర్ని, పంచె ఎగ్గట్టి, భుజం మీద ఇత్తడి బిందెతో, వీధులన్నీ తడుపుకుంటూ వచ్చాను. లోకనాథన్ కూడా చూశాడు. ఎన్ని బిందెలు మోశామో తెలియదు గానీ తొట్టి తేటపడింది. పసుపు చారల చేప ఒకటి చాలాసేపు పక్కకు ఒరిగి మమ్మల్ని భయపెట్టి, చివరికి నిటారుగా ఈదింది. చేపలన్నీ బతికాయి.

అత్త గడపలో కూలబడి, "ఎంత పని చేస్తివి నాయనా. ఉడికింది, వేగింది ఒక్క మెతుకు పడినా నీళ్ళు కుళ్ళిపోతాయి. చారలవీ కీచాన్లూ బతికున్న సన్న రొయ్యలు తప్ప ఇంకోటి ముట్టవు. ఒరాలకి రేవు స్తంభాలకి పట్టే పాచి. అదీ అవి అప్పుడే తినేసేటంత మాత్రమే. అన్నీ నీళ్ళతోపాటు అయ్యనారే తెస్తాడు" అంది.

"మరి పులిహోర?" అన్నాను.

అత్త చటుక్కున నోరు మూసుకుంది.

"మజ్జిగ పులుసు?"

మామ తడిసిన చొక్కా పిండుకుంటున్నాడు. పూస్‌పూస్ బండి కూలీ, ఓడ తప్పిన నావికుడు, చాపలమ్మే ముసలమ్మ అందరూ ఒక్కసారిగా నా కళ్ళముందు వరసకట్టారు. కడుపు నిండిన లోకనాథన్ నాలుక ఎందుకు పనికిరాలేదో అప్పుడు తెలిసింది. చదువుకున్న నా నాలుక పిడచకట్టుకుపోయింది. భూమిలోకి దూరిపోదామన్నంత సిగ్గేసింది. ఇక ఈ ఇంట్లో అడుగుపెట్టే ముఖం లేదు, మిగిలింది కడలూరు దారే అనుకున్నాను.

"అయితే నేను ఇన్నాళ్ళూ రుచి చూసింది దేనికి మామా?"

మామ ముఖంలో నవ్వు జాడ కూడా లేదు.

"దేనికేంది? మనిషికి బాగుండేది చేపకి పడదు. నీకు నచ్చనిది ఏదన్నా ఒకటి దొరికితే వాటికి పెడదామని కాచుకోనుండాను. నువ్వు దేన్నీ వదలకపోతివి. అన్నీ బాగుండాయంటివి. నేనేం చేసేది? పాపం అవి పచ్చి రొయ్యలతోనే సరిపెట్టుకుంటా ఉండాయి."

నా పరువు కింద పడకుండా పట్టుకోవడానికి ఆ పెద్దమనిషి తడిబట్టలతో నిలబడి అప్పటికప్పుడు అల్లిన మాట అది. నాకు ఆయన మీద అంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. గొంతు సవరించుకుని, ఉద్యోగస్తుడి గొంతుతోనే అడిగాను.

"అయితే పని ఇంకా ముగియలేదన్నమాట."

"యాడ ముగిసింది? నీకు నచ్చని కూర ఒకటి చెప్పు."

"కాకరకాయ. చిన్నప్పటి నుంచి గిట్టదు."

"విన్నావా అమృతవల్లీ? రేపు కాకరకాయ."

మర్నాడు అత్త కాకరకాయలు సన్నగా తరిగి, బెల్లం వేసి, ఎర్రగా వేయించింది. మామ ఎదురుగా కూర్చుని నా ముఖంలోకే చూస్తున్నాడు. అసహ్యించుకోవాలని శాయశక్తులా ప్రయత్నిస్తూ ఒక ముద్ద తిన్నాను. ఇంకో ముద్ద తిన్నాను. నావల్ల కాలేదు.

"బాగుంది మామా" అన్నాను.

మామ తొట్టివైపు చూసి పెద్దగా నిట్టూర్చి, "ఇంకొంచెం వెయ్యవే" అన్నాడు.