యువరాజుగారి వ్యాసాలు

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలోని ఒక కాలేజీలో రీసెర్చ్ చేస్తూ, అక్కడ చదివే ఒక రాజుగారి కొడుక్కి ట్యూషన్ చెప్పేవాణ్ణి. తన దేశంలో ఆసుపత్రులకు రిబ్బన్లు కత్తిరించాలంటూ అతను తరచూ వెళ్లిపోయేవాడు. యువరాజు స్నేహం మీద మోజుతో అతని వ్యాసాలు నేనే రాసేవాణ్ణి.

"ఆయనకి చదువు చెప్తున్నారా, ఆయన చదువు మీరే చదివేస్తున్నారా?" అని మా ఆవిడ దెప్పింది. నవ్వేశాను.

అదే వారం, ఆ కాలేజీలోనే నేను పాఠం చెప్పే క్లాసులో, హోటల్లో పనిచేస్తూ చదువుకునే ఒకమ్మాయి తన వ్యాసంలో ఏదో పుస్తకంలోంచి ఒక పేరా ఎత్తి రాస్తే సున్నా వేశాను. నిజాయితీ గురించి అరగంట ఉపన్యాసమిచ్చాను. ఆమె చదువు మానేసింది.

యువరాజు పట్టా పుచ్చుకుని తన దేశం వెళ్లి, ఒక బడి ప్రారంభిస్తూ, సొంతంగా కష్టపడి చదవమని పిల్లలకు చెప్పాడు. ఆ ప్రసంగమూ నేను రాసిందే. నా అరగంట మాటలే అందులో ఉన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.