తెర చూపించని గీతల్లో మా పేరు

తొంభైల్లో న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో, ఆ పేరుతోనే, మాకు చిన్న కేబుల్ కనెక్షన్ల వ్యాపారం ఉండేది. కంట్రోల్ రూమ్ అంటే మా ఇంటి ముందుగదే. మా ఆయన పొద్దున్నే రైల్వే వర్క్‌షాపు డ్యూటీకి వెళ్లిపోతే ఆ గది నాది. ఎవరింట్లో బొమ్మ రాకపోయినా తిట్లూ నావే.

మా చర్చి ఆరాధనను ఒక్క కెమెరాతో లైవ్‌గా ఇచ్చేవాళ్లం. మంచం దిగలేని పెద్దవాళ్లు ఇళ్లలోనే చూసుకునేవారు. ఒక క్రిస్మస్ సాయంత్రం పట్టాల అవతల ఉండే మా పిన్ని ఇంటికి కేకు పట్టుకెళ్లాను. వాళ్ల టీవీలో పొద్దుటి మా ఆరాధన మళ్లీ వేస్తున్నారు. వాళ్లది మా కనెక్షన్ కాదు, అటువైపు ఇంకొకతనిది. కింద మా పేరు ఉండాల్సిన చోట లావుపాటి నీలం పట్టీ, దాని మీద అతని పేరు!

మర్నాడే వెళ్లి అడిగాను. అతను కుర్చీలోంచి లేవను కూడా లేదు.

"నా కెమెరా కూడా అక్కడే ఉంది దీదీ. ఒకే చర్చి, ఒకే పాస్టరు. బొమ్మ ఒక్కలాగే రాదేటి?"

చర్చి పెద్దల దగ్గరికి పోతే వాళ్లు, "రుజువుంటే తీసుకురా అమ్మా" అన్నారు. ఒళ్లు మండిపోయింది. నా బొమ్మ నాదేనని నేనే రుజువు తేవాలట.

మా తమ్ముడు ఇంజనీరింగ్ కాలేజీలో లాబ్ టెక్నీషియన్. ప్రేమ్ బజార్‌లో ఉండేవాడు. సంగతంతా విని, "అక్కా, కింద రాసింది ఎవడైనా కప్పేస్తాడు. బొమ్మకి పైన టీవీ సూపించని గీతలు కొన్నుంటాయి. వాట్లో రాసేద్దాం" అన్నాడు.

బిస్కెట్ డబ్బాలో ఒక సర్క్యూట్ అమర్చి, కెమెరా నుంచి వచ్చే తీగ మధ్యలో పెట్టాడు. మా గుర్తూ అప్పటి టైమూ తెల్లటి ముక్కలుగా మారి బొమ్మతోపాటే వెళ్తాయి. చూసేవాళ్లకు కనబడవు. వాటిని తిరిగి చదవడానికి ఇంకో డబ్బా. కెమెరా నుంచి నేరుగా వచ్చిన బొమ్మనైతే ఆ రెండో డబ్బా చక్కగా చదివేది. టేపులోకి ఎక్కించి వేస్తే మాత్రం ఇరవై తొమ్మిది గంటల డెబ్బై నిమిషాలు అనేది.

"ఏ లోకం గడియారంరా ఇది?" అని అరిచాను.

"టేపు వణుకుతాది అక్కా. నేనేటి సెయ్యను?"

వారాలు గడిచిపోయాయి. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమకాల ఉపవాసాలు మొదలయ్యాయి. సోల్డరింగ్ పొగలో నేను రెండుసార్లు అన్నం మాడబెట్టాను. తమ్ముడూ నేనూ మాట్లాడుకోవడం తగ్గించేశాం.

మా మామగారు రైల్వే టెలిగ్రాఫ్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం మధ్యాహ్నం పాత టీవీ వెనక మర తిప్పి, బొమ్మ కిందికి జారేలా చేశాం. అలా జారితే బొమ్మకీ బొమ్మకీ మధ్య నల్లపట్టీ బయటపడుతుంది. మా ముక్కలు ఉండేది అందులోనే.

"ఏటమ్మా ఆ తెల్ల సుక్కలు?" అన్నారు ఆయన.

చెప్పాను.

"డబ్బా సదవలేకపోతే మనిషి సదివేలాగ రాయొచ్చు గదా. పొడుగు, పొట్టి పెట్టమను. సర్వీసంతా నేను సదివింది ఆ మోర్సు కోడే."

తమ్ముడు ముఖం మాడ్చుకున్నాడు. కానీ మార్చాడు. మొదటి గీతలో న్యూ సెటిల్‌మెంట్‌కి ఎన్, ఎస్ అక్షరాలు, రెండో గీతలో గంట, మూడో గీతలో నిమిషాలు.

గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన లైవ్‌గా ఇచ్చాం. అవతలి కేబుల్‌లో కూడా అదే వచ్చింది. పిన్ని ఇంట్లో వీసీఆర్ పెట్టి దాన్ని రికార్డు చేశాం.

శనివారం పొద్దున టేపు, వీసీఆర్, పాత టీవీ రిక్షాలో వేసుకుని చర్చి ఆఫీసు గదికి వెళ్లాం. అతన్నీ పిలిచారు. బొమ్మ ఆపి, మర తిప్పాం. మామగారు కళ్లద్దాలు తుడుచుకుని తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగారు.

"పొడుగు, పొట్టి. ఎన్. పొట్టి, పొట్టి, పొట్టి. ఎస్."

"ముసలాయన నోటికొచ్చింది సెప్తన్నాడు" అని అతను నవ్వాడు.

పెద్దల్లో ఒకాయన టేపు ముందుకు జరిపించి, నల్లపట్టీ ఒక్కటే కనబడేలా తెరను పేపరుతో కప్పేశాడు. "ఇప్పుడు టైమెంతో సెప్పండి."

మామగారు చాలాసేపు చూశారు. "ఒంటిగంటా నలభై."

పేపరు తీసి, బొమ్మ నిలబెట్టారు. పాస్టరుగారి వెనక గోడ గడియారం ఒంటిగంటా నలభై చూపిస్తోంది. కింద నీలం పట్టీ మీద అతని పేరు.

అతను తల వంచేశాడు. "తప్పయిపోయింది. ఇక ఆపేస్తాను."

ఆ రోజు మామగారికి చేపల పులుసు చేసి పెట్టాను. గెలిచామనుకున్నాను.

తెల్లారితే ఈస్టర్. ఆరాధన అయ్యి ఇంటికొచ్చేసరికి అవతలి వైపు నుంచి ఒకావిడ సైకిల్ తొక్కుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

"మా అమ్మ మంచం మీదుంది. పొద్దుట్నుంచి టీవీ ముందు ప్రార్థన పుస్తకం పట్టుకుని కూకుంది. ఏటీ రానేదు. మీరే ఆపించేసినారంట గదా?"

"మా బొమ్మ దొంగిలించాడమ్మా అతను" అన్నాను.

"ఎవరి బొమ్మయితే మా అమ్మకేటి? ఈస్టర్ నాడు ఆరాధన సూడ్డానికి లేకపోయింది."

నాలుగు నెలలు మేము పడ్డ తిప్పలు ఆవిడకు చెప్పబోయాను. కానీ నేను లైవ్ ఇవ్వడం మొదలుపెట్టింది ఆ ముసలమ్మలాంటి వాళ్ల కోసమే. ఆవిడ మీద కోపం వచ్చింది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

సోమవారం నేనే అతని దగ్గరికి వెళ్లాను.

"మా లైన్లోంచి ఆరాధన తీసుకో. కానీ కింద మా పేరుండాలి."

"ఠీక్ హై దీదీ."

పేరు పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో న్యూ పక్కన ఒక ఎస్ ఎక్కువ కొట్టి, మమ్మల్ని న్యూస్ సెటిల్‌మెంట్ చేశాడు. మూడుసార్లు వెళ్లి చెప్పాను. మూడుసార్లూ "ఠీక్ హై దీదీ" అన్నాడు. మార్చలేదు.

ఆ నెలాఖరుకి పిన్ని కనబడి, "ఏటే, వార్తలు కూడా మొదలెట్టినారా?" అని అడిగింది.