గంగయ్య ఇంటి తలుపుకు లోపల్నుంచి తాళం

దెయ్యాలున్నాయని నమ్మేవాళ్ళకు ముందే చెబుతున్నాను, ఇది చదివి నన్ను మీ జట్టులో కలుపుకోకండి. నేను నమ్మను. నిన్న నమ్మలేదు, ఈ రోజు నమ్మడం లేదు. రేపు ఒక దెయ్యం నా షాపుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నా, ముందు ఆధార్ కార్డు చూపించమంటాను.

ప్రొద్దుటూరులో నాకు చిన్న షాపుంది. డబుల్ గ్లాసు తలుపులకూ కిటికీలకూ తాళాలు, హ్యాండిళ్ళు బాగు చేస్తాను. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఎవరింట్లో హ్యాండిల్ ఊగినా, తాళం బిగుసుకున్నా ఫోన్ నాకే వస్తుంది. పులివెందులలో ఒకసారి ఒకాయన బాత్రూం కిటికీ బిగుసుకుపోతే, ఊరు ఊరంతా నిలబడి చూస్తుండగా రెండు వేళ్ళతో తెరిచాను. ఊరు ఊరంతా అంటే, ఆ ఇంటాయన, ఒక మేక.

నేను కొంచెం పెంచి చెబుతాను. అది నా ఒంటి తత్వం. మా ఆవిడ నేను చెప్పిందాన్ని నాలుగుతో భాగించి, మిగిలింది నమ్ముతుంది. మీరూ అలాగే చేయండి. భాగించకూడని చోటు వచ్చినప్పుడు నేనే చెబుతాను.

జరిగింది మొన్నటి ఎండాకాలంలో. జమ్మలమడుగు దాటి గండికోట వైపు పోతే ఒక పల్లె. ఆ ఊళ్ళో గంగయ్య అని గొర్రెలు మేపే ఆయన ఉండేవాడు. జీవితమంతా గొర్రెల వెంబడి తిరిగి, చివరికి కొంచెం పొలం, ఒక మిద్దె సంపాదించాడు. బండల లారీల దుమ్ము ఇంట్లోకి రాకూడదని కొడుకు శివయ్య ఆ మిద్దెకు డబుల్ గ్లాసు తలుపు పెట్టించాడు. ప్లాస్టిక్ చట్రంలో పైసగం అద్దం, కిందిసగం మూసిన పలక. తాళమూ హ్యాండిలూ పలకలో ఉంటాయి. అలాంటి తలుపు వేస్తే దుమ్మే కాదు, బయటి చప్పుడూ లోపలికి రాదు.

దానికి తాళం బిగించింది నేనే. మూడు తాళంచెవుల మీద గుర్తుగా ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు గీకి ఇచ్చాను. ఒక గీతది శివయ్యకు, రెండు గీతలది వాళ్ళమ్మ ఎల్లమ్మకు. మూడు గీతలది గంగయ్య నల్లదారంతో మొలతాడుకు కట్టుకున్నాడు.

గంగయ్యకు ఆ తలుపంటే ప్రాణం. మధ్యాహ్నం సంగటి తిని, లోపల్నుంచి తాళం వేసి, చెవిని దారంతో సహా తాళంలోనే వదిలేసి పడుకునేవాడు. లోపల చెవి ఉంటే బయట్నుంచి ఇంకో చెవి దూరదు. తలుపు ఎవరు కొట్టినా వినబడదు. ఎల్లమ్మ వచ్చి అద్దాన్ని అరచేత్తో చరిచి తిడితేనే లేచేవాడు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. ఇక్కడ ఊరంటే ఊరే.

చలికాలం చివర గంగయ్య ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు. అలాంటప్పుడు మా వైపు ఇల్లు వదిలిపెడతారు. ఇంటిల్లిపాదీ బయటికొచ్చి, తాళం వేసి, పంచాంగం చూసిన అయ్య చెప్పిన గడువు దాకా లోపల అడుగు పెట్టరు. గంగయ్య ఇంటికి మూడు నెలలు పడింది. శివయ్య పెళ్ళాం బిడ్డలతో అత్తగారింటికి పోయాడు. ఎల్లమ్మ పోలేదు. సొంత ఇల్లు కళ్ళెదురుగా పెట్టుకుని, గొర్రెల దొడ్డి పక్కన రేకుల కొట్టంలో ఉండిపోయింది.

మా కడప ఎండల్లో రేకుల కింద కూర్చుంటే నాలాంటి వాడు పూట తిరిగేలోపు అప్పడమై పోతాడు. ఆమె రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. దీన్ని భాగించకండి. రెండోసారి జమ్మలమడుగు ఆసుపత్రిలో సెలైన్ పెట్టించుకుని మళ్ళీ ఆ రేకుల కిందికే వచ్చింది.

గడువు తీరిన రోజు పొద్దున శివయ్య ఫోన్ చేశాడు.

"మామా, తలుపు తెరుచుకోల్యా. చెవి దూరక సగంలో నిలబడతాండాది. పొద్దు నడినెత్తికొచ్చే లోపల అమ్మ లోపల కాలు పెట్టల్లంట. బిన్నా రా."

నేను బైకు తీసిన తీరుకు గాలి నా వెనక పరిగెత్తలేక దారిలో ఎక్కడో చెట్టు కింద కూర్చుండిపోయింది.

పోయేసరికి వాకిట్లో జనం. ముందు గంగయ్య తమ్ముడు ఓబులేసు, తీర్పు చెప్పడానికొచ్చినట్టు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"రాప్పా రా. నువ్వొచ్చి చేసేదేం ల్యా. మా అన్నకు ఇష్టం ల్యాక తలుపు పట్టుకోనుండాడు. ఇంకో మూడు నెల్లు పోనీ, మళ్ళా సూద్దాం."

అరుగు మీద కొబ్బరికాయ, దీపం పట్టుకుని నిలబడ్డ ఎల్లమ్మ గిరుక్కున తిరిగింది.

"నువ్వొచ్చి ఉండు ఓబులేసా, ఆ రేకుల కింద మూడు నెల్లు. నీ పెండ్లాన్ని గూడా పిల్చకరా. నేను మాత్తరం ఈ పొద్దు నా ఇంట్లోకి పోతా."

"పొద్దు తిరిగినాక పోతే మాత్తరం ఒప్పుకునేది ల్యా వొదినా."

"తిరగనీలే. ఇంకా యాడ తిరిగింది?"

నాకు ఒళ్ళు మండింది. నేను బిగించిన తాళం, నా పేరు. దాన్ని ఒక చచ్చిపోయిన మనిషి పట్టుకున్నాడంటే నా వృత్తికే అవమానం. "దెయ్యమూ ల్యా, గియ్యమూ ల్యా. ఇది ప్లాస్టిక్కు. ఎండకు ఉబ్బుంటాది. నీళ్ళు తెప్పించండి," అన్నాను.

ఇది నిజం. ఇలాంటి తలుపులు ఎండకు ఉబ్బుతాయి. అప్పుడు లోపలి కొక్కేలు చట్రంలో బిగుసుకుంటాయి. విరగ్గొట్టకుండా, చల్లబరిచి అదను చూసి తెరవాలి. చెవి సగంలో ఆగడం శివయ్య కంగారు వల్ల అనుకున్నాను. బిందెలు వచ్చాయి. నేను అభిషేకం మొదలుపెట్టాను. ఊళ్ళో ట్యాంకు ఖాళీ అయ్యింది, వాకిట్లో పెన్నా పారింది. ఒక అవ్వ ఊరుకోలేక తలుపుకు పసుపు కూడా పూసింది. కాసేపటికి చట్రం చల్లబడింది. అరచేత్తో నెడితే తలుపు కొంచెం ఊగింది. కొక్కేలు వదులయ్యాయి. ఓబులేసు వైపు చూసి మీసం దువ్వాను.

శివయ్య దగ్గర తాళంచెవి తీసుకుని పెట్టాను. సగం పోయింది. ఆగింది.

తాళంలో చెవి దూర్చే ఇత్తడి ముక్క ఉంటుంది. అందులో చెవి అలా ఆగిందంటే, అవతలి వైపు నుంచి ఇంకో చెవి అడ్డుంది. ఇన్నేళ్ళలో అలా ఆగడం వందల సార్లు చూశాను. ప్రతిసారీ లోపల మనిషి ఉన్నాడు. నిద్రపోతున్న మొగుడో, అలిగిన కోడలో, పరీక్ష తప్పిన పిల్లాడో.

"శివయ్యా, తాళం వేసిందెవరు?"

"నేనే. అందరం బయటికొచ్చినాక, బయట్నించే ఏసినా."

ఇల్లు చుట్టూ తిరిగాను. వెనక తలుపుకు లోపలి గడియ పడే ఉంది. కిటికీలన్నింటికీ లోపలి హ్యాండిళ్ళు మూసి, బయట ఇనుప గ్రిల్లు. ఒక్కొక్కటీ పట్టి లాగాను. ముందుకొచ్చి అద్దంలోంచి చూశాను. మూడు నెలలు ఊడ్వని నేల మీద సన్నటి దుమ్ము, పిండి జల్లెడ పట్టినట్టు. ఎక్కడా అడుగు పడలేదు.

"మీ నాయన చెవి యాడుండాది?"

శివయ్య మొహం మారింది. గొంతు తగ్గించాడు. "నాయనతోనే పోయింది మామా. మొలతాడు తెంపి, చెవితో సహా నా చేత్తోనే గుంతలో ఏసినా." వాళ్ళు పూడ్చిపెట్టే వాళ్ళు.

నేను చెవిని శివయ్య చేతికిచ్చి, సంచిలోంచి డ్రిల్లు తీశాను. ఆ ఇత్తడి ముక్కను తొలిచేస్తే ఏ చెవి ఉన్నా తలుపు తెరుచుకుంటుంది. ఓబులేసు కుర్చీలోంచి లేచి అడ్డం నిలబడ్డాడు.

"ఇల్లు చేరే పూట తలుపు పగలగొడతావా? యాడన్నా ఉందా ఇది? బాగుపడాల్నా వద్దా వాళ్ళు?"

జనం ఆయన వైపే తలలూపారు. శివయ్య కూడా నా చెయ్యి పట్టుకున్నాడు. "మామా, వద్దులే. ఇంకో గడువు చూద్దాం."

ఎల్లమ్మ నీడ పాదాల దగ్గరికి ముడుచుకుపోయింది. ఆమె దాన్నే చూస్తోంది. ఇంకో మూడు నెలలంటే ఎండాకాలం ముగిసేదాకా. ఈసారి పడిపోతే లేస్తుందో లేదో అక్కడున్న అందరికీ తెలుసు. నేను హ్యాండిల్ వదలకుండా, డ్రిల్లు మీద వేలు తియ్యకుండా, ఎవర్ని ముందు తొలచాలా అని ఆలోచిస్తున్నాను.

ఇక్కడి నుంచి భాగించకండి.

ఎల్లమ్మ దీపం కింద పెట్టింది. "జరుగప్పా," అని నన్ను భుజంతో పక్కకు నెట్టి, అద్దాన్ని అరచేత్తో చరిచింది.

"ఏమయ్యో! మూడు నెల్లు పండుకుంటివి, సాల్దా? నేనీడ రేకుల కింద ఏగి సస్తాండా, నువ్వు సల్లగా తలుపేసుకుని పండుకుంటివా? నీ తమ్ముడు సూడు, నన్ను బయటనే ఉండమంటాండాడు. లెయ్. లేసి తలుపు తియ్."



నా ఎడమ చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది. బయటి తాళం రంధ్రంలో ఏ చెవీ లేదు. శివయ్య చెవి శివయ్య చేతిలో, ఎల్లమ్మ చెవి ఆమె కొంగు ముడిలో. నా అరచేతి కింద తాళం తిరిగింది. ఆ తిరగడం నాకు మా ఆవిడ దగ్గుకన్నా బాగా తెలుసు. తర్వాత హ్యాండిల్ కిందికి దిగింది. చెయ్యి నాదే. నొక్కింది మాత్రం నేను కాదు.

తలుపు చీలికంత తెరుచుకుంది.

  ఎల్లమ్మ దీపం తీసుకుని, కుడికాలు పెట్టి లోపలికి పోయింది. పోతూ పోతూ, "అట్ల రా దావకు," అంది. నాతో కాదు.

నేను తలుపు వెనక వైపు చూశాను. లోపలి వైపు తాళంలో చెవి ఉంది. దానికి నల్లదారం వేలాడుతోంది. దారానికి ఎండిన నల్లరేగడి మట్టి. గోటితో గీకితే చెవి మీద మూడు గీతలు బయటపడ్డాయి. నేను గీకినవే. నేల మీద దుమ్ములో ఎల్లమ్మ అడుగులు తప్ప ఇంకేమీ లేవు. శివయ్య ఆ చెవిని ముట్టుకోలేదు. ఓబులేసు కుర్చీ అక్కడే వదిలేసి ఇంటికి పోయాడు. అది ఆయన సొంత కుర్చీ.

చెవిని లాగాను. రాలేదు. ఆఖరికి చెవితో సహా ఆ ఇత్తడి ముక్కను ఊడదీసి, కొత్తది బిగించి వచ్చాను.

మీకు తోచే సందేహాలన్నీ నాకు ముందే తోచాయి. శివయ్య మరిచిపోయి చెవిని లోపలే వదిలాడేమో అనుకున్నాను. అలా వదిలితే బయట్నుంచి తాళం పడదు. షాపులో అలాంటి తాళం మీదే ఎన్నోసార్లు చేసి చూశాను, పడలేదు. ఎవరైనా దొంగచెవి చేయించారేమో అంటే, నా గీతల వంకర ఇంకెవరికీ రాదు. పోనీ నీళ్ళకు చల్లబడి కొక్కేలు జారాయంటే, కొక్కేలు జారతాయి గానీ తాళం తిరగదు. గుంత తవ్వి చూద్దామా అని శివయ్య ఒకసారి మెల్లగా అన్నాడు. "పండుకోనీరా ఆయప్పను. ఇప్పటికి ఒకసారి లేపినాం కదా," అని ఎల్లమ్మ కోప్పడింది.

ఆమె ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం తలుపేసుకుని చల్లగా పడుకుంటుందట.

ఆ ఇత్తడి ముక్క, అందులో ఇరుక్కున్న చెవి నా షాపులో ఉన్నాయి. నూనె పోశాను. పట్టకారు విరిగింది. వేడి చేశాను, వైసులో బిగించి లాగాను. ప్రొద్దుటూరులో ఉన్న మెకానిక్కులందరూ వచ్చి ఓడిపోయారు. అందరూ అంటే ఇద్దరు. రోజూ షాపు తెరవగానే, అగరుబత్తి వెలిగించి, ఒకసారి దాన్ని లాగి చూసి, తర్వాతే బోణీకి కూర్చుంటాను. అది ఎందుకు రాదో నాకు తెలీదు. గుంతలోంచి ఎలా వచ్చిందో అసలే తెలీదు.

పోయిన నెల ఎల్లమ్మ మనవరాలికి బట్టలు కొనడానికి ప్రొద్దుటూరొచ్చి, షాపు మెట్ల మీద నిలబడి దాన్ని చూసింది.

"ఇంకా రాల్యా అప్పా?"

"రాలేదమ్మా."

"నేనొక మాట చెప్పల్లా ఆయప్పకు?" అని నవ్వింది.

"వద్దు," అన్నాను.

ఆమె ఒక్క తిట్టు తిడితే అది వచ్చేస్తుందేమో. ఫోన్ చేస్తే ఆమె వస్తుంది కూడా. కానీ చేయను. చేశానంటే నమ్మినట్టే కదా. రేపు పొద్దున మళ్ళీ నేనే లాగుతాను.