నడుస్తోందని నేను రాసిన షెడ్డు

పరిశ్రమల ప్రోత్సాహక అధికారిగా నేను నర్సీపట్నం డివిజనుకు బదిలీ మీద వచ్చింది కరోనాకి ముందటేడు, శ్రావణమాసంలో. రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుంది. హోదా పేరు బారెడుంది గానీ చేతికింద ఉన్నది ఒక అటెండరు, ఒక బీరువా. చిన్న పరిశ్రమలవాళ్ల దరఖాస్తులు తీసుకోవడం, షెడ్డుకి వెళ్లి తనిఖీ చేయడం, నివేదిక జిల్లా కార్యాలయానికి పంపడం నా పని. మంజూరు చేసే అధికారం నాకు లేదు. కాకపోతే పైవాళ్లెవరూ షెడ్డు చూడరు, నా కాగితం చూస్తారు.

ఆ ఏడాది దేశమంతా కార్ల అమ్మకాలు పడిపోయాయి. పేపరు తెరిస్తే అదే గొడవ. ఫ్యాక్టరీలు వారంలో కొన్ని రోజులు మూస్తున్నారని, పన్ను తగ్గించమని కంపెనీల పెద్దలు దిల్లీలో మంత్రుల్ని కలుస్తున్నారని. టీ తాగేటప్పుడు మా అటెండరు దీనిమీద విసుక్కునేవాడు. కార్లు కట్టేవోళ్లకి గవర్నమెంటు సాయమేటండీ, సెరుకు రైతుకి సేత్తే సాలదా అనేవాడు. నేనూ ఆ పక్షమే. కార్ల కంపెనీకీ నర్సీపట్నానికీ ఏం సంబంధం అనుకున్నాను.

సంబంధం రోలుగుంట రోడ్డులో ఉంది. అక్కడ దేవదానం గారని ఒకాయన రేకుల షెడ్డు నడిపేవారు. మద్రాసులో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్లు ఫోర్‌మన్‌గా చేసి, సొంతూరు వచ్చి పెట్టుకున్న యూనిట్ అది. చర్చిలో సంఘ పెద్ద. మాట తక్కువ మనిషి. కారులో లైట్లకీ హారనుకీ కరెంటు మోసే తీగలన్నిటినీ చెక్కపలక మీద మేకుల మధ్య పరిచి, టేపు చుట్టి, ఒక కట్టగా చేసి మద్రాసులో ఒక కార్ల కంపెనీకి పంపేవారు. దాన్ని వైరింగ్ హార్నెస్ అంటారు. అక్కడ పనిచేసే ఆడవాళ్లు ‘కారుజడ’ అనేవారు. గొలుగొండ నుంచి, నాతవరం నుంచి షేర్ ఆటోల్లో వచ్చేవాళ్లు పదకొండుమంది. అందులో ఎక్కువమందికి ఆ జీతమే ఇంటికి ఆధారం.

మద్రాసు కంపెనీ ముందు ఆర్డర్లు సగం చేసింది, తర్వాత ఆపేసింది. దేవదానం గారు ఖాయిలా పరిశ్రమల పథకం కింద దరఖాస్తు పెట్టుకున్నారు. పని ఆగిపోయిన యూనిట్‌ని ఖాయిలా పడిందని మేం ధ్రువీకరిస్తే, కరెంటు స్థిర చార్జీలు మాఫీ అవుతాయి, బ్యాంకు కిస్తులకి ఏడాది గడువొస్తుంది. ఆ ఏడాది దొరికితే షెడ్డు నిలబడుతుంది. లేకపోతే మూతే.

నిబంధన ప్రకారం వారం ముందు ఉత్తరం రాసి, చెప్పిన రోజున వెళ్లాను. ఏం చెప్పమంటారు, పెళ్లివారిల్లులా ఉంది. నేల కడిగి ఫినాయిల్ చల్లారు. గుమ్మంలో ముగ్గు. పదకొండు పలకల దగ్గర పదకొండుమంది, ఉతికిన చీరల్లో, తల ఎత్తకుండా టేపు చుడుతున్నారు. దేవదానం గారు చిన్న ప్రార్థన చేశారు, ఉప్మా పెట్టించారు. ఎన్నో షెడ్లు చూశాను గానీ ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదని ఆయనతో అన్నాను కూడా. ఆయన చేతులు కట్టుకుని, అంతా దేవుని కృపండీ అన్నారు.

పని ఎలా ఉందని అడిగాను. ఏదో నడుత్తోందండీ అన్నారు. సరుకు పంపిన చలాన్ల పుస్తకం బల్లమీదే ఉంది. తెరవలేదు. కళ్లముందు పని జరుగుతుంటే పుస్తకమెందుకు అనుకున్నాను. నివేదికలో ఏడో కాలమ్, తనిఖీ సమయంలో యూనిట్ పనిచేయుచున్నదా అని. అవును అని రాసి సంతకం పెట్టాను. పనిచేసే యూనిట్ ఈ దరఖాస్తు ఎందుకు పెట్టిందన్న అనుమానం నాకు రావాలి. వచ్చింది కూడా. ఉచితంగా వస్తుందంటే ఎవడు వదులుకుంటాడులే అని సరిపెట్టుకున్నాను.

నెల తిరిగేసరికి, యూనిట్ పనిచేస్తూనే ఉందన్న కారణంతో దరఖాస్తు తిరస్కరించారు. ఆ మర్నాడు నూకరత్నం అనే ఆవిడ ఆఫీసుకొచ్చింది. షెడ్డులో ఆడవాళ్లందరికీ మేస్త్రీ. దేవదానం గారికి తెలీకుండా వచ్చానని ముందే చెప్పింది. అప్పటికి మూడు నెలలుగా ఒక్క కట్ట కూడా మద్రాసు వెళ్లలేదట. రోజూ ఇద్దరు ముగ్గురే వచ్చి తుడిచి వెళ్లేవారట. నేను వస్తానని తెలిసి అందరికీ కబురు పెట్టారు. చుట్టడానికి తీగల్లేవు. గోదాంలో మిగిలిపోయిన పాత కట్టల టేపు విప్పి, అవే మళ్లీ చుట్టారు.

ఎందుకలా చేశారమ్మా అని అడిగాను. నాకు కోపమే వచ్చింది. ఆవిడ నావైపు వింతగా చూసింది.

“పెద్దమనిసి ఇంటికొత్తే కాళీ కంచం సూపిత్తామేటి బాబూ?”

అడగందే అమ్మైనా పెట్టదంటారు. దిల్లీ వెళ్లిన పెద్దలకి ఆ సంగతి బాగా తెలుసు. మునిగిపోతున్నామని అంకెలతో సహా చెప్పారు. దేవదానం గారు దరఖాస్తులో రాయగలిగారు గానీ, ఎదురుగా మనిషి నిలబడితే పని లేదనే మాట ఆయన నోట రాలేదు. ఆయన చేసింది మోసం కాదు, మర్యాద. ఆ మర్యాదకి పడిపోయింది నేను. ఉప్మా తిన్నవాణ్ని, పుస్తకం తెరవనివాణ్ని.

నివేదిక సవరించమని పైకి రాయాలి. రాస్తే మొదటిది తప్పని నేనే ఒప్పుకున్నట్టు. మెమో వస్తుంది, పెన్షను కాగితాలకి అడ్డం పడుతుంది. తొమ్మిది రోజులు ఆ ఫైలు బీరువాలో పెట్టుకుని తిరిగాను. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పదో రోజు షెడ్డుకెళ్లి చలాన్లు చూసి, సవరణ నివేదిక పంపాను. ఖాయిలా యూనిట్లని ఖరారు చేసే జిల్లా కమిటీ అంతకు రెండు రోజుల ముందే కూర్చుని ఆ ఏడాది జాబితా ముగించిందని జవాబొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నేను భయపడిన మెమో కూడా రాలేదు.

క్రిస్మస్‌కి ముందు దేవదానం గారు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తిరిగి ఇచ్చేయడానికి వచ్చారు. యూనిట్ మూసినట్టు నా ముందే సంతకం పెట్టాలి. పెట్టారు. ఆడవాళ్లలో నలుగురు జీడిపప్పు ఒలిచే పనికి కుదిరారని, మిగతావాళ్లకి ఇంకా ఏదీ దొరకలేదని చెప్పారు. నేను క్షమించమని అడిగాను. మీరు సూసిందే రాసేరు కదండీ, మీ తప్పేటుంది అన్నారు. ఆ మాటకి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మద్రాసు కార్ల కంపెనీ నిలదొక్కుకుంది. తర్వాత ఆర్డర్లు మళ్లీ ఇస్తున్నారని విన్నాను. తీసుకోవడానికి ఇక్కడ షెడ్డు లేదు. పరిశ్రమకి ప్రభుత్వం సాయం చేయాలా అని ఎవరైనా అడిగితే చేయాలనే అంటాను. కాని కంపెనీ గేటు దగ్గర ఆగిపోయే సాయం రోలుగుంట రోడ్డు దాకా రాదు. అక్కడివాళ్లు అడగరు, వెళ్లి తెలుసుకోవాలి. మిగిలిన నెలల్లో నేను ఏ షెడ్డుకీ ముందు కబురు పెట్టలేదు. వెళ్లగానే చలాన్ల పుస్తకం అడిగేవాణ్ని, టీ అయినా ఆ తర్వాతే. మూడు దశాబ్దాలు చూసింది చూసినట్టు రాసిన ఉద్యోగినని గొప్పగా చెప్పుకునేవాణ్ని. ఇప్పుడు చెప్పుకోను.