నా వంతు పాట

మా కారులో ముగ్గురం. కారు మెషిన్ షాప్ సూపర్‌వైజరుగారిది. ఆయనకి గజళ్ళంటే ప్రాణం. ఆయన పక్కన స్టోర్స్ చూసే అక్క, ఈ హిందీ ఊళ్ళో నాలాగే తెలుగావిడ. వెనక సీట్లో నేను, తయారైన పీసుల కొలతలు చూసి పాసో ఫెయిలో తేల్చే ఇన్‌స్పెక్టర్ని. గోల్‌మురిలో నేనెక్కుతాను, భాలుబాసాలో అక్క ఎక్కుతుంది. ఖర్కాయ్ వంతెన దాటితే ఆదిత్యపూర్, అక్కడే మా యూనిట్టు.

దారిలో రోజుకొకరి ఫోనులోంచి పాటలు పెట్టాలని ఒప్పందం. నాకు మాత్రం నా వంతు వస్తోందంటే ముందురోజు నుంచే దిగులు.

నాకిష్టమైనవి తప్పెటగుళ్ళు. శ్రీకాకుళం వైపు మగవాళ్ళు గుండెల మీద రేకు బిళ్ళలు కట్టుకుని, అరచేతులతో వాయిస్తూ గెంతుతూ పాడతారు. మా మేనమామ పంపిన రికార్డింగు ఒకటి నా ఫోనులో ఉంది. వంట చేస్తూ, బట్టలు ఇస్త్రీ చేస్తూ అదే వింటాను, అదీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. స్కూల్లో ఓసారి ఆ దరువు బెంచీ మీద వాయించి చూపిస్తే, డబ్బాలు అమ్మేవాళ్ళ పాటా ఇది అని స్నేహితురాళ్ళు పడిపడి నవ్వారు. అప్పట్నుంచి ఏం పాటలు వింటావని ఎవరడిగినా "అన్నీ వింటాను" అనేదాన్ని. అంత పిరికి జవాబు ఇంకోటి ఉండదు.

కారు కోసం ఓ దొంగ లిస్టు తయారుచేసుకున్నాను, అన్నీ గజళ్ళే. మూడు నెలలు మెప్పు బాగానే కొట్టేశాను. ఒకరోజు సూపర్‌వైజరుగారు, ఈ గజల్లో మీకు బాగా నచ్చిన చరణం ఏదని అడిగారు. ఆ ఉర్దూ నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అన్నీ నచ్చాయన్నాను. ఆయన పెద్దమనిషి, ఇంక అడగలేదు. అలా ఊరుకోవడంతోనే నాకు తల కొట్టేసినట్టయింది. పని దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా పీసు వెనక్కి పంపేదాన్ని, నేను మాత్రం ఈ అబద్ధంతో రోజూ వంతెన దాటుతున్నాను.

ఆ తర్వాతి వంతుకి తప్పెటగుళ్ళు పెట్టాను. రేకుల మోత ఒక్కసారిగా కారంతా నిండిపోయింది. సూపర్‌వైజరుగారు ఉలిక్కిపడి, ఆనక నవ్వి, రేకులు కొట్టే మన ప్రెస్ షాపుని గాని రికార్డు చేశారా అని హిందీలో అడిగారు. నా చెవులు వేడెక్కిపోయాయి.

కానీ ఆపబోయింది ఆయన కాదు, అక్క. ఆవిడ హిందీ వింటే తెలుగావిడని ఎవరూ పోల్చుకోలేరు, అదంటే ఆవిడకి గొప్ప. చటుక్కున సౌండు తగ్గించి, వెనక్కి తిరిగి, ఆ కారులో మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది.

"ఏటే ఇది? ఈళ్ల ముందర ఇలాటివి పెడతావేటి? మన గురించి ఏటనుకుంటారు?"

"ఏటనుకుంటే అనుకోనీ అక్కా. నాకిదే ఇష్టం. ఇవాళ వంతు నాది."

సీట్ల మధ్య నుంచి చెయ్యి చాపి సౌండు మళ్ళీ పెంచాను.

సూపర్‌వైజరుగారికి ఆ పాటేమిటో, ఎవరు పాడతారో హిందీలో చెప్పాను. ఆ గజళ్ళు మీ మెప్పు కోసం పెట్టినవని కూడా చెప్పేశాను. ఆయన వంతెన దాటేదాకా విని, తనకి నచ్చలేదని ఉన్నమాట చెప్పారు. చిన్నప్పట్నుంచి నేను భయపడింది ఆ ఒక్క మాటకే. విన్నాక నాకేమీ కాలేదు.

అక్క మాత్రం గేటు దగ్గర నాకోసం ఆగకుండా దిగి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇప్పటికీ నాకు తన పచ్చడి వేస్తుంది, ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం. నా వంతు వచ్చిన రోజున ఆవిడకి ఏదో పని తగులుతుంది, షేర్ ఆటోలో వస్తుంది. నాకు బాధగానే ఉంటుంది. భాలుబాసాలో సూపర్‌వైజరుగారు ఆవిడ కోసం ఓ నిమిషం కారు ఆపుతారు. ఆవిడ రాదు. నేను పాట పెడతాను.