సాసర్ పట్టినవాడు వినాలి

ఏడో తరగతిలో నేనే బడి మానేశానని అందరికీ చెప్పుకుంటాను. బడే నన్ను మానేసిందనీ, ఆ రోజు హెడ్మాస్టరు మిఠాయి పంచాడనీ మా మేనమామ అనేవాడు. ఇప్పుడు ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతాను. చదువంతా నా ముందు కుప్పపోసి ఉంటుంది, లోపలికి మాత్రం పోలేదు.

మామ గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయన దోస్తు అబిడ్స్ సందులో గడియారాలు బాగుచేసే ముస్లిం పెద్దాయన. నేను చాచా అనేవాణ్ణి. రోజూ సాయంత్రం ఇద్దరూ నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో కూర్చుని ఒకే చాయ్ చెప్పేవాళ్ళు. ఒకరికి కప్పు, ఒకరికి సాసర్. సాసర్ పట్టినవాడు చాయ్ ఊదుకుంటూ వినాలి, కప్పు ముందున్నవాడు మాట్లాడాలి. సాసర్ ఖాళీ అయ్యాకే జవాబు. గుడి, మసీదు, ఎలక్షన్లు, దేన్నీ వదల్లేదు. ఒక్కోసారి మొహాలు ఎర్రబడేవి. చాయ్ మధ్యలో లేచిపోయింది మాత్రం లేదు.

"గంత వేడి చాయ్ పోసి నోరు మూయిస్తే ఎవడైనా వింటడు మామా," అనేవాణ్ణి.

"నీకైతే డ్రమ్ము పోసినా సరిపోదురా అల్లుడా."

"భాంజేను జర ఉండనీ," అంటూ చాచా నా వైపు బిస్కెట్ జరిపేవాడు. భాంజే అంటే మేనల్లుడు, ఆయనకూ నేను అంతే.

మామకు ఫోన్ చేతకాదు. మెసేజులు పంపడం నా పని. ఒకరోజు ముస్లింలను వెక్కిరించే వీడియో ఒకటి వస్తే, నవ్వొచ్చి, మామ ఫోన్లో ఉన్నవాళ్ళందరికీ పంపేశాను. ఆ అందరిలో చాచా ఉంటాడని తట్టలేదు. తట్టినా పంపేవాణ్ణేమో, అప్పుడు నాకు ప్రతిదీ తమాషానే.

మరునాటి నుంచి చాచా హోటల్‌కు రాలేదు. మామ ఒక్కడే పోయి చాయ్ చెప్పి, సగం సాసర్లో తనకు పోసుకుని, కప్పు ఎదుటి కుర్చీ వైపు జరిపి కూర్చునేవాడు. చాచా వచ్చి తిట్టినా సరే, వినడానికి.

సంగతి తెలిశాక నన్ను కొట్టలేదు. "నువ్వే పోయి చెప్పాలె. నేను చెప్తే, పోరని మీద పెట్టి తప్పించుకున్నట్టయితది," అన్నాడు.

"రేపు పోత మామా."

నా రేపులు రెండు వారాలు సాగాయి. ఒక పొద్దున మామ నిద్రలోంచి లేవలేదు.

చుట్టాలందరికీ ఫోన్ చేశాను. ఆ ఒక్క నంబరు దగ్గర వేలు ఆగింది.

పదకొండో రోజు కార్యం అయ్యాక చాచా దుకాణానికి పోయాను. చాయ్ తెప్పించి, సాసర్లో పోసి ఆయన ముందు పెట్టాను. దారంతా మాటలు కూడబెట్టుకున్నాను, నోరు తెరిస్తే అలవాటైన కూతే వచ్చింది.

"మామ పోయిండు చాచా. గా వీడియో మామ పంపలే, నేను పంపిన. ఏడో తరగతి కూడా గట్టెక్కనోడి చేతికి ఫోనిస్తే గిట్లనే ఉంటది మరి."

నేనే నవ్వాను. ఆయన కంటికున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత సాసర్‌ను నా వైపు నెట్టాడు. ఎప్పుడూ భాంజే అనే మనిషి మొదటిసారి మీరు అన్నాడు.

"మీరు పంపిన వీడియో నాకు ఒక్క నిమిషంల చేరింది. ఆయన పోయిన కబురు చేరనీకి మాత్రం పదకొండు రోజులు పట్టిందా?"